నమూనా ఊళ్ళో మా అత్త ఇల్లు

ఆ రోజుల్లో ఊరి పెద్దలకి ఊరి జనంతో ఏదైనా చెప్పుకోవాలంటే రిక్షాయే దిక్కు. రిక్షా మీద మైకు కట్టి, లోపల ఒకాయన కూర్చుని "పురజనులకు విజ్ఞప్తి" అని మొదలెట్టి, కలరా సూదిమందు ఎక్కడ వేస్తారో, కుళాయి ఏ పూట రాదో, తొట్టెల్లో నీళ్ళు నిలవ ఉంటే ఏమవుతుందో, ఏ రోడ్డు వెడల్పు చేస్తారో అన్నీ ఒక్క గుక్కలో చెప్పేసి సందు మలుపు తిరిగిపోయేవాడు. ఆ వెనకే సినిమా మైకు రిక్షా వచ్చేది. జనానికి రెండూ కలిసిపోయేవి. (మా పక్కింటావిడ "బృహత్ప్రణాళిక" అంటే ఊరి మాస్టర్ ప్లానని తెలీక, కొత్తగా వచ్చిన పౌరాణికం బొమ్మ అనుకుని, ఏ హాల్లో ఆడుతోందో, కృష్ణుడి వేషం ఎవరిదో చెప్పమని మా అమ్మ ప్రాణం తీసింది.) ఇప్పుడు ప్రతి చిన్న కబురూ చేతిలోకే వచ్చి పడుతోంది, ఎవరం ఆశ్చర్యపోవడం లేదు. అప్పట్లో కబురు సగమే వినపడేది, మిగతా సగం మేమే ఊహించుకునేవాళ్ళం. అందుకే కాబోలు, మాకు ప్రతిదీ అంత పెద్దగా, అంత అబ్బురంగా కనపడేది.

రిక్షాతో లాభం లేదని ఎవరికి తట్టిందో గానీ, ఒక ఏడాది బీచి దగ్గర పాత హాలు ఒకటి తీసుకుని జనం కోసం ఎగ్జిబిషన్ పెట్టారు. సగం హాలు ప్రజారోగ్యానికి, సగం హాలు రాబోయే విశాఖపట్నానికి. వచ్చినవాళ్ళకి వివరించి చెప్పడానికి గట్టి గొంతున్న మనిషి కావలసి వచ్చింది. నేను అప్పుడే బి.ఏ. గట్టెక్కి ఇంట్లో కూర్చున్నాను. మా నాన్న పోర్టులో క్రేన్ల దగ్గర పనిచేసి చెవులు మందగించిన మనిషి కావడంతో మా ఇంట్లో ఉప్పు అందించమని అడగడం కూడా నాలుగిళ్ళకి వినపడేది. ఆదివారం చర్చిలో నేను వాక్యం చదివితే వెనక బల్లల మీద కునుకుతున్న తాతలు ఉలిక్కిపడి "ఆమెన్" అనేవాళ్ళు. అలా నాకు ఆ ఉద్యోగం దొరికింది. టెంపరరీయే. కానీ ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్ళకి మాత్రం "టౌన్ ప్లానింగులో ఉన్నాను" అని గంభీరంగా చెప్పేదాన్ని. (ఆ ఆఫీసులోవాళ్ళ పేర్లు ఎందుకులెండి. అందరూ మంచివాళ్ళే, ఇప్పటికి మునిమనవల్ని ఎత్తుకుని ఉంటారు.)

హాలు మధ్యలో ఆ నమూనా ఊరు ఉండేది. నాలుగు పెళ్ళి మంచాలు పక్కపక్కన వేసినంత బల్ల. దాని మీద మా ఊరు మొత్తం. సముద్రానికి నీలం రంగు వేసి పైన వార్నీషు పూశారు, తడిగా ఉన్నట్టే మెరిసేది. డాల్ఫిన్స్ నోస్ కొండ బంకమట్టితో. హార్బర్లో అగ్గిపుల్లంత ఓడలు. అట్టముక్కలతో మేడలు, రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు కలిపి పార్కులు. నిజం స్టీలు ప్లాంటు అప్పటికి కొబ్బరికాయ కొట్టిన దశ దాటి ఎక్కువ దూరం రాలేదు గానీ, మా బల్ల మీద మాత్రం పూర్తయిపోయి, పొగగొట్టాల్లోంచి దూది కూడా వచ్చేస్తోంది. స్విచ్చి నొక్కితే రోడ్ల పొడుగునా ఆవగింజల్లాంటి దీపాలు వెలిగేవి. మొదటిసారి అవి వెలిగినప్పుడు నాకు నోట మాట రాలేదు. (మా ఇంట్లో అదొక వార్త.) పుట్టి పెరిగిన ఊరు, కాళ్ళరిగేలా తిరిగిన ఊరు, ఇంత అందంగా, ఇంత పొందిగ్గా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. అంత ఊరినీ నేనే కన్నట్టు, చీర కొంగు సర్దుకుని, వెదురు కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఆ సర్దుకోవడంలోనే కొంగు తగిలి కొండ మీది లైట్‌హౌస్ సముద్రంలో పడింది. టిఫిన్ డబ్బాలోంచి రెండు అన్నం మెతుకులు తీసి దాన్ని మళ్ళీ అతికించాను. ఆ మధ్యాహ్నమంతా డాల్ఫిన్స్ నోస్ మీదికి చీమలు బారులు తీరి ఎక్కాయి. చూసినవాళ్ళు అవి యాత్రికులనుకున్నారు.

నమూనా బాధ్యత ఒక ఇంజనీరు గారిది. ఎప్పుడూ చేతిలో చెక్క స్కేలు ఉండేది కాబట్టి మేం ఆయన్ని చాటున స్కేలు బాబు అనేవాళ్ళం. ఎవరైనా బల్ల మీద చెయ్యి పెడితే ఆ స్కేలుతో బల్ల అంచు మీద టక్కుమని కొట్టేవారు. హాలు రెండో సగంలో ఆరోగ్య శాఖ మనిషి, దోమల మాస్టారు. ఆయన గాజు సీసాల్లో దోమ పిల్లల్ని పెంచుతూ, పక్క తొట్టెలో వాటిని తినే చిన్న చేపల్ని పెంచుతూ, ఇద్దరి మీదా సమానంగా ప్రేమ చూపించేవారు. ఒక పెద్ద భూతద్దం ఉండేది. దాని కింద నూతి నీళ్ళో, తొట్టి నీళ్ళో చుక్క వేసి చూపించేవారు. ఆ అద్దం దగ్గర గోరంత పురుగు కొండచిలువై లేచేది. ఇటు నా బల్ల మీద కొండలు కూడా పిడికెడంతే. జనం ఒకచోటి నుంచి ఇంకో చోటికి నడిచి, ఏది చూసి ఎక్కువ ఆశ్చర్యపోవాలో తెలీక నోళ్ళు తెరుచుకుని నిలబడేవాళ్ళు.

ఒక రోజు కొండకి అవతలి నుంచి యారాడ వాళ్ళు ఒక గుంపుగా వచ్చారు, చేపలమ్ముకుని వెళ్తూ, ఖాళీ తట్టలతో. వాళ్ళలో పెద్దావిడ బల్ల చుట్టూ తిరిగి, కొండ వెనకాల ఒంగి, తన ఊరు ఉండాల్సిన చోట ఇసుక రంగు చూసి, అదే తమ ఒడ్డనుకుని రెండు చేతులూ జోడించింది. తర్వాత నా వైపు తిరిగి, "అన్నీ బాగున్నాయమ్మా. మరి సముద్రం కదలదేటి?" అంది. లేదు, రంగే అన్నాను. "కదలని సముద్రంలో ఓడలెలాగొచ్చినాయే తల్లీ?" అని జాలిగా అడిగింది. స్కేలు బాబు వైపు చూశాను. ఆయన స్కేలుతో వీపు గోక్కుంటూ పైకప్పు చూశారు.

ఇక మా అత్త సంగతి. మా నాన్నకి అక్క. ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయిన మనిషి. ఊళ్ళో సగంమందిని మొదటిసారి వీపు మీద చరిచి ఏడిపించింది తనే కాబట్టి, ఎంతటివాళ్ళనైనా ఆ పాత చనువుతోనే చూసేది. పూర్ణా మార్కెట్ వెనకాల గానుగల సందులో ఆవిడకి పెంకుటిల్లు, పెరట్లో నుయ్యి. ఒక సాయంత్రం మైకు రిక్షా ఆ సందులో తిరిగి, దోమలు పెరిగే నూతుల్లో చేపలు వదులుతారని, లేదంటే మూసేస్తారని, కొత్త రోడ్డు, పార్కు రాబోతున్నాయని, పూర్తి వివరాలకి ఎగ్జిబిషన్ చూడవలసిందని చెప్పి మలుపు తిరిగిపోయింది. మర్నాడు అత్త దిగింది. ఒక చేతిలో ఇత్తడి చెంబు, నూతి నీళ్ళతో. వెనకాల గానుగల సందు మొత్తం.

"ఓలే గుంటా, ఎవుడే ఆ దోమల మాస్టారు? పిలు" అంది. "మా నుయ్యి నీల్లు కొబ్బరి నీల్లు. మా అత్తగారు తాగింది, నాను తాగినాను. దోమలంటాడా? సూపించమను."

దోమల మాస్టారు వినయంగా చెంబులోంచి నీళ్ళు ఒక పళ్ళెంలో పోసి, భూతద్దం కింద పెట్టి, "చూడండమ్మా" అన్నారు. అత్త ఒక కన్ను మూసి ఒంగింది. అలాగే ఉండిపోయింది. ఎంతసేపటికీ లేవదే! నాకు భయం వేసి "అత్తా" అన్నాను.

"ఉండవే" అంది తల ఎత్తకుండానే. గొంతు మారిపోయింది, ప్రార్థనలో ఉన్నప్పటి గొంతులా మెత్తగా. "ఓలమ్మ ఓలమ్మ... ఎంతమందున్నారే నా నూతిలో! పిల్లా జెల్లాతో కాపరం సేత్తన్నారు కదే! ఆడొకడు సూడు, తలకిందులుగా యేలాడి ఊపిరి తీత్తన్నాడు! ప్రభువా, నీ పని ఎంత సన్నపు పనయ్యా!"

కోపంతో వచ్చిన మనిషి ఇంత మురిసిపోతుందని దోమల మాస్టారు కూడా అనుకోలేదు. ఆయన కళ్ళు చెమర్చాయి. అంతమంది వచ్చి చీదరించుకున్న తన పిల్లల్ని మొదటిసారి ఒకరు మెచ్చుకున్నారు మరి.

ఆ మెత్తదనంలోనే అత్త నా బల్ల దగ్గరికి వచ్చింది. దీపాలు వేశాను. సందు మొత్తం ఒక్కసారి "ఆ" అంది. అత్తకి నా మీద గౌరవం పుట్టడం కళ్ళారా చూశాను, జీవితంలో అదే మొదలు. ఇంక నన్ను పట్టుకోవడం ఎవరి తరం? వెదురు కర్ర ఎత్తి, "ఇది హార్బరు, ఇది పూర్ణా మార్కెట్టు, మార్కెట్టు వెనక నుంచి ఇదిగో విశాలమైన కొత్త రోడ్డు, దాని పక్కన ప్రజల ఆరోగ్యం కోసం సుందరమైన ఉద్యానవనం" అని హాలు దద్దరిల్లేలా చెప్పుకుపోయాను.

"మార్కెట్టెనకాల మా సందు కదేటే?" అంది అత్త.

కర్ర గాల్లో ఆగిపోయింది. అన్ని రోజులుగా రోజుకి అన్నిసార్లు చెప్పిన పాఠమే. కానీ ఆ ఉద్యానవనం ఎక్కడ ఉందో నేను ఒక్కసారైనా ఆలోచించలేదు. అత్త కళ్ళజోడు సర్దుకుని ఒంగింది. మార్కెట్టు నుంచి వేలు పెట్టి నడుచుకుంటూ వచ్చింది, చేప దుకాణాలు, కల్లుప్పు కొట్టు, మలుపు. వేలు ఆకుపచ్చ రంపపు పొట్టు మీద ఆగింది.

"నా ఇల్లేదే?" అంది. "నా ఇల్లు ఎక్కడికెల్లిపోనాది? నా నట్టింట్లో గడ్డి మొలిపించీసినారేటే?"

స్కేలు బాబు పరుగున వచ్చారు. అది పాత సర్వే పటం చూసి ఎవరో కళాకారుడు చేసినదనీ, ఆ పటం గీసినప్పుడు అక్కడ ఖాళీ స్థలమే ఉండేదనీ, ఇది కేవలం ఊహాచిత్రమనీ చెప్పారు. "ఊహాచిత్రం" అన్న మాట విని సందులోవాళ్ళు మరింత భయపడ్డారు. ఒకావిడ అప్పుడే ఏడుపు మొదలెట్టింది. చిన్నప్పుడు జ్వరమొస్తే నన్ను పడుకోబెట్టిన ఇల్లది. దాన్ని రోజూ నేనే కర్రతో చూపించి సుందరమైన ఉద్యానవనం అంటున్నాను.

అత్త ఏడవలేదు. రొండిలోంచి అగ్గిపెట్టె తీసి, పార్కు మధ్యలో జాగ్రత్తగా నిలబెట్టింది. "ఇదీ నా ఇల్లు" అంది. స్కేలు టక్కుమంది. అత్త తిరిగి చూసింది, పుట్టగానే ఏడవని పిల్లల్ని చూసే చూపు. స్కేలు బాబు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ లేదు. అత్త పక్కింటావిడ పోకచెక్క పెట్టింది. ఎదురింటాయన చొక్కా గుండీ తెంపి పెట్టాడు. చింతపిక్కలు, గవ్వలు, పిన్నీసులు, ఎవరో పిల్ల చెవి దుద్దు. ఇద్దరు అన్నదమ్ములు తమ ఇళ్ళ మధ్య గోడకి అగ్గిపుల్ల ఎటు వెయ్యాలో తేలక, అసలు సందులో ఏళ్ళ తరబడి నడుస్తున్న తగువుని ఆ బల్ల మీదికి తెచ్చుకున్నారు. "బావా, నువ్వు సెప్పు, పుల్ల ఇటు జరగాలా నేదా?" అని ఒకడు, "జరిపితే సూడు" అని ఒకడు. ఇంతలో ఆ బావ, అంటే సందులో అందరూ అలా పిలిచే కొబ్బరికాయల వ్యాపారి, తన ఇంటికి గుర్తుగా ఏకంగా ఖాళీ సబ్బుపెట్టె తెచ్చి పెట్టాడు. సందు సందంతా ఆయన మీద పడింది.

"నీ ఇల్లు సబ్బుపెట్టంత ఉన్నాదేటి బావా? మాయన్నీ సింతపిక్కలూ, నీదేమో బంగళావా?"

"దొడ్డి కూడా కలిపినాను మరి" అన్నాడాయన.

"ఆ దొడ్డి నీదేటి?"

సరిగ్గా అప్పుడే వచ్చారు పెద్దాయన. అంటే మా ఆఫీసు మొత్తానికీ పై అధికారి. కృష్ణా జిల్లా వైపు మనిషి, కొత్తగా బదిలీ మీద వచ్చినవారు. ఎగ్జిబిషన్ చూడ్డానికి ఆ సాయంత్రం వస్తారని మాకు తెలుసు. స్కేలు బాబు పొద్దున్నే రంపపు పొట్టు దువ్వి పెట్టుకున్నారు కూడా. అలాంటి పార్కు మీద ఇప్పుడు ఒక గవ్వల దుకాణం తిరగబడినట్టుంది. స్కేలు బాబు ముఖం సున్నం వేసిన గోడలా అయింది. నా ఉద్యోగం ఆ క్షణంలో పోయిందనే అనుకున్నాను.

పెద్దాయన బల్ల దగ్గరికి వచ్చి, "ఏమిటివి?" అన్నారు.

జవాబు చెప్పవలసిన వివరణకర్తని నేనే. నా అంత గొంతూ ఎక్కడికి పోయిందో, పిల్లి కూత లాంటిది బయటికొచ్చింది. "ఇళ్ళండి" అన్నాను.

ఆయన కోప్పడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, బల్ల పక్కన గొంతుక్కూర్చున్నారు, ఆ చింతపిక్కలు ఆయన కళ్ళకి ఎదురుగా వచ్చేలా. అంత పెద్ద అధికారి అలా నేల మీద కూర్చోవడం ఎవరమూ చూడలేదు. అందరం తెలీకుండానే ఒక అడుగు వెనక్కి వేశాం. ఆయన పోకచెక్క చూపించి, "ఇది ఎవరిది?" అన్నారు.

"మాదండి."

గుండీ చూపించారు. "మాదండి." గవ్వ. "మాదండి బాబూ." చెవి దుద్దు దగ్గర తల్లి కొంగు వెనక నుంచి ఒక పిల్ల గొంతు, "మాది". సందు ఈ చివర నుంచి ఆ చివరకి ఆయన వేలు నడిచింది. ఒక్కొక్క ఇంటి దగ్గరా ఒక్కొక్క గొంతు పలికింది. తగువులాడుకుంటున్న అన్నదమ్ములు ఇద్దరూ ఒకేసారి "మాదండి" అని, ఒకరినొకరు చూసుకుని, తల దించుకున్నారు. హాల్లో దోమ ఎగిరితే వినపడేంత నిశ్శబ్దం. (కొన్ని ఎగురుతూనే ఉన్నాయి, మాస్టారి సీసా మూత సరిగ్గా లేదు.) ఇన్నాళ్ళూ నేను దీపాల్ని చూసి ఇదే ఊరనుకున్నాను. అవి అట్టముక్కలు. ఊరంటే ఈ పలుకుతున్నవాళ్ళని నాకప్పుడే తెలిసింది.

చివరికి ఆయన అగ్గిపెట్టె మీద వేలు పెట్టారు.

"నాది" అంది అత్త. "సూడండి బాబూ, నా నూతిలో పురుగులున్నాయని మీవోలు సెప్తే నాను నమ్మనేదు. ఇక్కడికొచ్చి అద్దంలో సూసినాను, నమ్మీసినాను. కల్లతో సూసింది కాదనకూడదు కదా. మీరు కూడా సూసినారు. నా ఇల్లు నాకొదిలీయండి, మీ సేపల్ని నా నూతిలో ఏసుకోండి."

పెద్దాయన లేచి నిలబడి, మోకాళ్ళు దులుపుకున్నారు. తర్వాత స్కేలు బాబు వైపు తిరిగి, "రేపు సర్వే గొలుసు పట్టుకుని ఆ సందుకి వెళ్ళండి. మళ్ళీ కొలవండి" అన్నారు. అప్పుడు నా వైపు తిరిగారు. "ఇవి తియ్యకండి, ఎగ్జిబిషన్ అయ్యేవరకూ ఇలాగే ఉండనివ్వండి" అన్నారు.

స్కేలు బాబు గొలుసుతో వెళ్ళారు. అత్త ఆయనకి మజ్జిగ ఇచ్చి, గొలుసు వదులుగా పట్టుకున్నారని కోప్పడి, రెండోసారి కొలిపించింది. రోడ్డు వచ్చింది గానీ పక్కకి కాస్త ఒంగి వచ్చింది. అత్త అరుగు పోయింది, ఇల్లు నిలిచింది. మరికొందరివీ అరుగులు, మెట్లూ పోయాయి. కొన్నాళ్ళు తిట్టుకున్నారు, తర్వాత రోడ్డు మీదే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. పార్కు కూడా వచ్చింది, దుప్పటంత. ఎక్కడంటారా? కొలిచి చూస్తే కొబ్బరికాయల బావ సబ్బుపెట్టెలో కలిపేసుకున్న దొడ్డి సర్కారు స్థలమని తేలింది. అందులోనే రెండు బెంచీలు, నాలుగు మొక్కలు వేశారు. ఆయన ఆ తర్వాత ఎప్పుడూ ఆ బెంచీ మీద కూర్చోలేదు. నూతిలో చేపల్ని దోమల మాస్టారు స్వయంగా తెచ్చి వదిలారు. వాటికి పొద్దున్నే ఇంత అన్నం వేస్తూ అత్త వాటి ఆకలి చంపేస్తుంటే, "అమ్మా, మీరు పెడితే అవి దోమల్ని తినవు" అని ఆయన వారానికోసారి వచ్చి బతిమాలేవారు.

ఇవన్నీ తర్వాతి ముచ్చట్లు. ఆ రోజు హాలు మూసేశాక నేను, అత్త కలిసి నడుచుకుంటూ బయల్దేరాం. సముద్రం మీద ఇంకా వెలుతురు ఉంది. హార్బరు వైపు నిజం దీపాలు ఒకటీ ఒకటీ వెలుగుతున్నాయి. కొండ చీకటిగా, ఎంతో పెద్దదిగా ఉంది. అత్త ఎప్పుడూ గబగబా నడిచే మనిషి, ఆ రోజు ఆగి ఆగి, తల ఎత్తి ఆకాశం చూసుకుంటూ నడిచింది.

"ఓలే గుంటా" అంది, "పైనున్న ఆయనకి మన ఊరు ఇలగే కనిపిస్తాది కావాల. బల్ల మీద ఎట్టినట్టు."

"అలాగే కనిపిస్తుందేమో అత్తా."

కొంతదూరం నడిచాం. తర్వాత, నన్ను ఎప్పుడూ ఏదీ అడగని మా అత్త, నా చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లలా అడిగింది. "మరి ఆయన బల్ల మీద మన ఇల్లుంటాదంటావా?"

"ఉంటుందత్తా. నాది పూచీ" అన్నాను, వీధిలోవాళ్ళందరూ తిరిగి చూసేంత గట్టిగా.

ఒక టెంపరరీ ఉద్యోగి, పైగా నెల తిరక్కుండానే ఇంటికి పంపించేయబోయే ఉద్యోగి, దేవుడి ప్లానింగు విభాగం తరఫున పూచీ ఇచ్చేసింది చూడండి. అత్తకి అది చాలింది. కొంగు బిగించి మళ్ళీ గబగబా నడక మొదలెట్టింది, అన్నం వండాలంటూ. ఇప్పుడు నాకు అత్త అప్పటి వయసు దాటింది. అదే ప్రశ్న ఒక్కోసారి సాయంత్రాలు డాబా మీద నిలబడి, ఆకాశం వైపు చూస్తూ నేనే వేసుకుంటాను. అప్పుడు పూచీ ఇచ్చిన ఇరవై ఏళ్ళ ఆ పిల్ల పక్కన ఉంటే బాగుండుననిపిస్తుంది, క్షణం తడుముకోకుండా చెప్పేసేది.